నత్తగారి సముద్రపు చుట్టం

నాట్లు పడిన వారం పది రోజులకు మిర్యాలగూడ మాగాణుల్లో మడి నీళ్ళు తేటపడతాయి. గట్టు మీద గొంతుక్కూర్చుని ఓపిగ్గా చూస్తే, అడుగున నల్లటి నత్త ఒకటి బురద మీద గీత గీసుకుంటూ పోతుంటుంది. చేతిలోకి తీసుకున్నామా, గబుక్కున లోపలికి ముడుచుకుని తలుపు బిగించేస్తుంది. కదపకుండా కాసేపు పట్టుకుంటే ఆ తలుపు మళ్ళీ ఓరగా తెరుచుకుంటుంది. ముందు మెత్తటి పాదం బయటికొస్తుంది, తర్వాత మీసాలు, వాటి పక్కన పొట్టి కాడల మీద రెండు కళ్ళు. నత్తగుల్ల కొంగ అవతలి మడిలోంచి ఇదంతా చూస్తూనే ఉంటుంది. మనం లేచిపోతే దాని పని మొదలు.

ఈ నత్తకు సముద్రంలో ఒక చుట్టం ఉంది. రెండు వంశాలూ వేరుపడి 50 కోట్ల ఏళ్ళు దాటింది. నత్త గుల్లను నమ్ముకుని పొలానికొచ్చింది. ఆ చుట్టం గుల్లను వదిలేసి బుర్రను పెంచుకుంది. నత్తకు పాదం ఉన్నచోట దానికి ఎనిమిది చేతులు మొలిచాయి. ఆ గుంపుకు శాస్త్రజ్ఞులు పెట్టిన సెఫలోపాడ్ అన్న పేరుకు తలకే పాదాలున్నది అని అర్థం.

“మామా, మనింట్ల ఆక్టోపస్‌ని సాదొచ్చా?”

కోదాడలో ఇంటర్ చదివే మా అక్క కొడుకు అడిగిన మాట ఇది. దక్షిణాఫ్రికా తీరంలో క్రెయిగ్ ఫాస్టర్ అనే ఆయన ఒక ఆక్టోపస్ వెంట రోజూ తిరిగిన డాక్యుమెంటరీకి 2021లో ఆస్కార్ వచ్చింది. మావాడు దాన్ని ఫోన్లో రెండుసార్లు చూశాడు. ఇంట్లో గోల్డ్ ఫిష్‌లున్న గాజు తొట్టి ఎటూ ఉంది, నీళ్ళు మార్చి ఉప్పేస్తే అయిపోతుందని వాడి లెక్క. వద్దురా అనేస్తే ఒక్క మాటతో పోయేది. కానీ ఎందుకు వద్దో, చేసి తీరాలంటే ఏమేం కావాలో చెప్పాలంటే ముందు నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

మన దగ్గర నీళ్ళ కథ చిన్నదేం కాదు.

కోదాడకు సముద్రం అసలు పరిచయం లేనిదీ కాదు. మేళ్ళచెర్వు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు పుట్టాయో అడిగితే సున్నపురాయి ఉంది కాబట్టి అంటారు. ఆ సున్నపురాయి ఒకప్పటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మడ్డి. అప్పటికి ఆక్టోపస్‌లు లేవు, చేపలు లేవు, వెన్నెముక అన్న ఊహే లేదు. సముద్రం వెళ్ళిపోయింది, రాయి మిగిలింది, ఆ రాయిని ఇప్పుడు బస్తాల్లో నింపి లారీలకెక్కిస్తున్నాం. ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టేవాళ్ళు కూడా అడుగున సున్నపు జాతి ఇసుకే పోస్తారు, నీళ్ళ పీహెచ్ 8కి కాస్త పైన నిలబడడానికి. అయితే మఠంపల్లి రాయి కొట్టి పోస్తే పని జరగదు. అది కాల్సైట్. పీహెచ్ 8 దగ్గర అది కరగదు, కరగనిది నీళ్ళకు ఆసరా కాదు. అదే సున్నం మరో రూపంలో, ఆరగొనైట్‌గా ఉంటే కొంత తేలిగ్గా కరుగుతుంది. గవ్వల ఇసుకలో ఉండేది ఎక్కువగా ఇదే.

ఇప్పటి సముద్రం కోదాడకు 160, 170 కిలోమీటర్ల దూరంలో, మచిలీపట్నం దగ్గర ఉంది. దారి బాగానే ఉంటుంది, 65వ నంబరు జాతీయ రహదారి. డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చుకోవచ్చు కదా అని మావాడు అననే అన్నాడు. ఒడ్డున తోడిన నీళ్ళు సముద్రపు నీళ్ళు కావు. కృష్ణ, గోదావరి వరద దింపే కాలంలో బంగాళాఖాతం తీరాన ఉప్పు పలచబడిపోతుంది. ఆ నీళ్ళలో పొలాల మందులూ ఊళ్ళ మురుగూ కలిసి ఉంటాయి. ఆక్టోపస్‌కు అవి కుదరవు. నత్తలు, ఆల్చిప్పలు సముద్రం వదిలి ఏళ్ళలోకి, చెరువుల్లోకి, మన మడుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. సెఫలోపాడ్‌లలో మాత్రం ఒక్కటంటే ఒక్క జాతి కూడా మంచినీళ్ళలోకి రాలేదు. ఆక్టోపస్‌లు, స్క్విడ్‌లు, కటిల్‌ఫిష్‌లు వందల జాతులున్నా అన్నీ ఉప్పునీళ్ళవే. వాటి ఒంట్లోని ద్రవాల ఉప్పదనం బయటి సముద్రంతో సమానం. బయట ఉప్పు తగ్గిందంటే నీళ్ళు ఒంట్లోకి దూరి ఉబ్బిపోతాయి. చేపకు ఉన్నట్టు ఆ తేడాను సర్దుకునే ఏర్పాటు వాటికి లేదు.

కాబట్టి సముద్రాన్ని ఇంట్లోనే కలపాలి. ఇక్కడ మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఒక వింత సౌకర్యం ఉంది.

ఇక్కడి గ్రానైట్ రాళ్ళలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళు ఆ రాయితో అంతకాలం సావాసం చేసి ఉంటాయి. మర్రిగూడ, నాంపల్లి వైపు వంకరపోయిన కాళ్ళు, వంగిన నడుములు ఎలా వచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు. సిద్దిఖీ అనే వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి రాశాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఆ తర్వాత ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. ఇప్పుడు వాడవాడకూ ఒకటి ఉంది, 20 లీటర్ల క్యాను ఆటోలో ఇంటి ముందుకొస్తుంది. ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టేవాడికి మొట్టమొదట కావలసింది ఏ లవణమూ లేని నీళ్ళు. మన కాళ్ళు వంచిన ఫ్లోరైడ్ పుణ్యమా అని అవి వీధి చివరే దొరుకుతున్నాయి.

పూర్తిగా దొరుకుతున్నాయని కాదు. తాగేవాళ్ళకు చప్పగా ఉండకూడదని ప్లాంట్లలో కొంత టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, మిగలనిస్తారు. ఆక్టోపస్ తొట్టికి మీటర్‌లో సున్నాకు దగ్గరగా కనబడాలి. అంటే క్యాను నీళ్ళను ఇంట్లో మరోసారి వడకట్టాలి. వింత ఏమిటంటే, ఇంతా చేసి మనం వదిలించుకున్న ఫ్లోరైడ్ సముద్రంలో లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా సహజంగానే ఉంటుంది. తాగునీటికి మన ప్రమాణం 1, మరీ తప్పకపోతే 1.5. ఆక్టోపస్ పుట్టినప్పటి నుంచీ అందులోనే ఈదుతుంది. అది నీళ్ళు తాగి ఎముకలు పెంచుకునే ప్రాణి కాదు, అసలు దానికి ఎముకలే లేవు.

ఇక ఉప్పు. లీటరు సముద్రపు నీళ్ళలో లవణాలు సుమారు 35 గ్రాములు. 400 లీటర్ల తొట్టికి 14 కిలోలు. కిరాణా కొట్టు ఉప్పు బస్తా గుర్తొస్తే అది పెద్ద పొరపాటు. ఆ 35 గ్రాముల్లో సోడియం, క్లోరిన్ కలిసి ఆరింట ఐదొంతులకు కాస్త ఎక్కువ. మిగిలినదాంట్లో సల్ఫేట్, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, ఇంకా చిటికెడు చిటికెడుగా సగం ఆవర్తన పట్టిక. బ్రిటిష్ నౌక చాలెంజర్ 1872 నుంచి 1876 దాకా సముద్రాలన్నీ తిరిగి తెచ్చిన నీళ్ళలో 77 నమూనాలను విలియం డిట్మార్ పరీక్షించాడు. ఏ సముద్రంలోనైనా ఉప్పదనం మారుతుందేమో గానీ, ముఖ్య లవణాల పాళ్ళు మాత్రం మారవని 1884లో తేల్చాడు. పాళ్ళు తెలిశాయి కాబట్టే ఇవాళ సముద్రాన్ని పొడిగా చేసి డబ్బాల్లో అమ్మగలుగుతున్నారు.

చిటికెడే కదా అని దేన్నీ వదిలేయడానికి లేదు. స్ట్రాన్షియం అనే లోహం సముద్రంలో లీటరుకు 8 మిల్లీగ్రాములు. 1989లో రోజర్ హాన్లన్ బృందం చేసిన పరిశోధనలో, స్ట్రాన్షియం లేని కృత్రిమ సముద్రంలో పుట్టిన సెఫలోపాడ్ పిల్లలు సరిగ్గా ఈదలేకపోయాయి, గిరగిరా తిరిగాయి. వాటి తలలో తూకం చూపే చిన్న సున్నపు గుళికలుంటాయి. స్ట్రాన్షియం లేక ఆ గుళికలు తయారు కాలేదు. ఏది కిందో ఏది మీదో వాటికి తెలియలేదు.

నీళ్ళు కలిశాయి, ఉప్పు కుదిరింది. ఇప్పుడు ఆక్టోపస్‌ను వదలొచ్చా? వదిలితే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. ఎందుకో మిర్యాలగూడ రైతుకు చెప్పడం తేలిక, కాలేజీ కుర్రాడికి చెప్పడమే కష్టమైంది.

పొలంలో యూరియా చల్లితే అది ముందు అమ్మోనియా అవుతుంది. మట్టిలోని ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. ఈ రెండంచెల పనిని సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో బయటపెట్టాడు. నీళ్ళు నిలిచిన మడిలో గాలి తగలని బురద లోపల మూడో గుంపు ఉంటుంది. అది నైట్రేట్‌ను నత్రజనిగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. వేసిన యూరియాలో సగం ఎటు పోయిందిరా దేవుడా అని రైతు తల పట్టుకునేది ఈ మూడో గుంపు వల్ల కూడా. అక్వేరియంలో ఆక్టోపస్ విసర్జించేది అమ్మోనియానే. అది మాంసాహారి, పీతల్నీ రొయ్యల్నీ తింటుంది, అంత సైజు చేపకంటే చాలా ఎక్కువ మలినం చేస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము అమ్మోనియా కూడా దానికి విషం. ఆ విషాన్ని మార్చే బాక్టీరియా రాళ్ళ సందుల్లో, ఇసుకలో, ఫిల్టర్‌లో కాపురం పెట్టి పెరగాలి. వాటిని కొని తెచ్చి పోసినా వెంటనే అయ్యే పని కాదు. అనుభవమున్నవాళ్ళు కనీసం మూడు నెలలు ఆక్టోపస్ లేకుండా తొట్టిని నడపమంటారు. పొలంలో మనం తిట్టుకునే మూడో గుంపుకు ఇక్కడ ఇసుక అడుగున స్వాగతం చెప్పాలి.

అంటే మూడు నెలలపాటు ఖాళీ ఉప్పునీళ్ళకు మోటారు తిప్పుతూ, రోజూ మీటర్లు పెట్టి చూస్తూ కూర్చోవాలి. మా అక్కకు ఈ సంగతి చెబితే, “కరెంటు బిల్లు ఎవరు కడ్తరు?” అంది. సరైన ప్రశ్నే, దానికి తర్వాత వస్తాను.

ఈలోగా రాగి. ఆక్టోపస్ నెత్తురు నీలం. మన నెత్తురులో ఆక్సిజన్‌ను మోసేది ఇనుమైతే దాని నెత్తురులో రాగి, హిమోసయనిన్ అనే పదార్థంలో. ఒంట్లో అంత రాగి ఉన్న ప్రాణికి నీళ్ళలో కరిగిన రాగి మాత్రం పరమ విషం. మైలతుత్తం అంటే మన రైతులకు తెలుసు, బోర్డో మిశ్రమంలో కలిపే రాగి మందు. గోల్డ్ ఫిష్‌లకు తెల్లమచ్చల జబ్బొస్తే షాపువాళ్ళు ఇచ్చే మందుల్లోనూ రాగి ఉండొచ్చు. ఒకసారి ఆ మందు పడిన తొట్టి గాజు అతుకుల్లో, ఇసుకలో రాగి దాక్కుంటుంది. మావాడి గోల్డ్ ఫిష్ తొట్టి అక్కడికే పనికిరాకుండా పోయింది. ఇత్తడి కుళాయి నీళ్ళూ పనికిరావు. ఇంకో చిక్కుంది. ఆక్టోపస్‌కు ఇష్టమైన తిండి బతికున్న పీత. మిర్యాలగూడ గట్ల మీద ఎండ్రికాయలకు కొదవా? కానీ ఆ ఎండ్రికాయ ఏ మందు కొట్టిన మడిలో తిరిగి వచ్చిందో మనకెవరు చెబుతారు? పురుగుకు కొట్టింది ఎండ్రికాయలో ఉంటుంది, ఎండ్రికాయలో ఉన్నది ఆక్టోపస్‌లోకి వస్తుంది. ఎక్కువమంది చివరికి ఐసులో పెట్టిన రొయ్యకు దాన్ని అలవాటు చేసి ఊపిరి పీల్చుకుంటారు.

తిండి సంగతి అలా సర్దుకున్నా, ఎండాకాలం సర్దుకోదు.

మేలో సూర్యాపేట, కోదాడల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. మన తీరాల ఆక్టోపస్‌కు నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే సుఖం. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. ఉప్పునీళ్ళలో అది ముందే తక్కువ. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పట్టుకుంటే సముద్రపు నీళ్ళు 7 లోపే పట్టుకుంటాయి. అదే సమయంలో వేడికి ఆక్టోపస్ ఒళ్ళు వేగంగా పనిచేసి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. పైగా హిమోసయనిన్ మన హిమోగ్లోబిన్‌లా బలమైన కూలీ కాదు, తక్కువ మోస్తుంది. అందుకే దానికి మూడు గుండెలు. రెండు మొప్పలకు నెత్తురు తోయడానికి, ఒకటి ఒళ్ళంతా తిప్పడానికి. ఇన్ని గుండెలున్నా ఉడుకునీళ్ళలో ఊపిరాడదు. కాబట్టి చిల్లర్ కావాలి, ఫ్రిజ్‌లాంటి యంత్రం, నీళ్ళను తిప్పి చల్లబరిచేది. అది రోజంతా పనిచేయాలి. గాలివానకు స్తంభం పడిపోయి మూడు గంటలు కరెంటు లేకపోతే? ఇన్వర్టర్ మీద గాలి పంపు నడుస్తుంది. చిల్లర్ నడిపించాలంటే పెద్ద బ్యాటరీల వరస కావాలి. కరెంటు బిల్లు గురించి మా అక్క వేసిన ప్రశ్నకు జవాబు మే నెలలో దొరుకుతుందన్నమాట.

వేడికి తొట్టి నీళ్ళు ఆవిరైపోతాయి కూడా. పోయిన నీళ్ళ చోట ఉప్పునీళ్ళు పోసేవాళ్ళున్నారు. నీళ్ళు మాత్రమే ఆవిరవుతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. వారం వారం ఉప్పునీళ్ళే పోస్తే తొట్టి ఊరగాయ జాడీ అవుతుంది. పోయాల్సింది ఉత్త ఆర్వో నీళ్ళు. వారానికొకసారి పదోవంతు నీళ్ళు మార్చడానికి వేరే ఉప్పునీళ్ళు కలపాలి, 400 లీటర్ల తొట్టికి అది రెండు క్యాన్లు. నీళ్ళకు కటకటలాడే చోట ఈ విలాసమేమిటని నాకూ మొదట గిల్టీగా అనిపించింది. లెక్క వేస్తే ఎండాకాలం ఎయిర్ కూలర్ ఒక్కటి తాగే నీళ్ళకంటే ఇది తక్కువ. నా అభ్యంతరం నీళ్ళ మీద కాదు.

అభ్యంతరం దగ్గరికి రావాలంటే ఒక కుట్టుపనామె కథ చెప్పాలి. గాజు అక్వేరియం అన్నదే ఒక ఆక్టోపస్ కోసం పుట్టింది. జాన్ విల్‌ప్రూ అనే ఫ్రెంచి అమ్మాయి 1794లో పుట్టింది, పారిస్‌కు పోయి బట్టలు కుట్టింది. 1816లో ఒక యువరాణి పెళ్ళి గౌనుకు ఎంబ్రాయిడరీ చేసి పేరు తెచ్చుకుంది. పవర్ అనే వ్యాపారిని పెళ్ళాడి సిసిలీ ద్వీపంలోని మెస్సీనాకు వెళ్ళింది. అక్కడి సముద్రంలో ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి ఉంది. దాని ఆడవాటికి కాగితంలాంటి పల్చటి గుల్ల ఉంటుంది. ఆ గుల్ల దానిదేనా, ఇంకెవరిదో దొంగిలించి దూరిందా అని పండితులు కొట్టుకుంటున్నారు. చచ్చినవాటిని సారాలో వేసి చూసి ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. ఆమె బతికున్నదాన్ని చూడాలనుకుంది. 1832లో గాజు పెట్టె చేయించి సముద్రపు నీళ్ళు పోసి అందులో పెంచింది. గుల్లకు చిల్లు పెట్టి చూసింది. ఆర్గొనాట్ తన చేతులతోనే కొత్త పదార్థం స్రవించి ఆ చిల్లును అతికించుకుంది. కుట్టుపని తెలిసిన మనిషి అతుకును చూసి నిజం పట్టుకుందన్నమాట.

చూడడం కోసం పుట్టిన పెట్టె అది. ఆక్టోపస్ విషయంలో చూపు ఇటువైపు నుంచే ఉండదు.

దానికి దాదాపు 50 కోట్ల నాడీకణాలున్నాయి. వాటిలో మూడింట రెండొంతులు తలలో లేవు, చేతుల్లో ఉన్నాయి. ఒక్కో చేతికి రెండు వరసల్లో చిన్న గిన్నెల్లాంటి చూషకాలు, కొన్ని జాతుల్లో చేతికి 200 దాటతాయి. వాటితో పట్టుకుంటుంది, అదే పట్టుతో రుచి కూడా చూస్తుంది. మూతకున్న సందులో వేలు పెట్టారనుకోండి, అది మన వేలిని నాలికతో చప్పరించినట్టే. కాసేపు ముద్దులాంటి పట్టు, వదిలేటప్పుడు ఒక్కో చూషకం టప్ టప్‌మని ఊడుతుంది. ఒంట్లో గట్టిది ముక్కు ఒక్కటే, చిలక ముక్కులాంటిది. ఆ ముక్కు పట్టే సందు ఉంటే ఒళ్ళంతా పడుతుంది. వైరు పోయే రంధ్రం చాలు. న్యూజిలాండ్‌లోని నేపియర్ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ ఒక రాత్రి తొట్టి దిగి, నేల మీద పాకి, 50 మీటర్ల పైపులోంచి సముద్రంలోకి పోయింది. లోకానికి ఆ సంగతి 2016 ఏప్రిల్‌లో తెలిసింది. మన ఇంట్లో అయితే పైపు చివర సముద్రం ఉండదు, మోరీ ఉంటుంది.

1959లో పీటర్ డ్యూస్ అనే పరిశోధకుడు నేపుల్స్‌లోని పరిశోధనశాలలో మూడు ఆక్టోపస్‌లకు మీట లాగితే తిండి వచ్చేలా నేర్పాడు. ఆల్బర్ట్, బెర్‌ట్రమ్ చెప్పినట్టు విన్నాయి. చార్లెస్ మీటను విరగ్గొట్టింది, పైన వేలాడే దీపాన్ని తొట్టిలోకి లాక్కుంది, దగ్గరికొచ్చినవాళ్ళ మీద నీళ్ళు చిమ్మింది. నాకు ఆ మూడింటిలో చార్లెసే ఇష్టం, పరిశోధనా పత్రంలో దాని అల్లరి కూడా దాచకుండా రాసిన డ్యూస్ అంటే ఇంకా ఇష్టం. సియాటిల్ అక్వేరియంలో మాథర్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎనిమిది ఆక్టోపస్‌లకు తలా ఒక ఖాళీ మందుల సీసా ఇచ్చి చూశారు, 1999లో రాశారు. రెండు మాత్రం దాన్ని నీళ్ళ ధార మీదికి ఊది, తిరిగొస్తే మళ్ళీ ఊదుతూ బంతాట ఆడాయి. 2010లో మరో ప్రయోగం చేశారు. ఒకే రకం బట్టలేసుకున్న ఇద్దరిలో ఒకరు తిండి పెడతారు, ఇంకొకరు గరుకు కర్రతో గుచ్చుతారు. రెండు వారాల్లో ఎవరు ఎవరో అవి గుర్తుపట్టేశాయి. అదే ఏడాది జర్మనీలో పాల్ అనే ఆక్టోపస్ ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫలితాలు ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా ‘చెప్పింది’. దాన్ని తెలివి కింద రాయలేం. కానీ మన టీవీలు ఎక్కువసేపు చూపించింది దాన్నే.

మన తీరపు ఆక్టోపస్‌లలో ఒకటి ఇంకా దగ్గరిది. గీతల ఆక్టోపస్, దాన్నే కొబ్బరి చిప్పల ఆక్టోపస్ అంటారు. విశాఖ హార్బర్‌లో ట్రాలర్లు దించే సరుకులో ఆక్టోపస్‌లూ ఉంటాయి, ఐసులో పడి ఎగుమతికి పోతాయి. ఇండోనేసియా తీరంలో ఈ కొబ్బరి చిప్పల జాతినే ఫిన్, ట్రెగెంజా, నార్మన్ అనే పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించి 2009లో రాశారు. మనుషులు పారేసిన కొబ్బరి చిప్పల్లోంచి ఇసుకను నీళ్ళు చిమ్మి కడుగుతుంది, ఒకదానిలో ఒకటి పేర్చి కడుపు కిందికి తీసుకుంటుంది, చేతుల్ని కర్రల్లా నిటారుగా దింపి కర్రకాళ్ళ మీద నడిచినట్టు టకటకా పోతుంది. అవసరమొస్తే రెండు చిప్పలూ మూసి మధ్యలో కూర్చుంటుంది. చిప్పలు మోస్తున్నంతసేపూ వాటివల్ల దానికి ఏ రక్షణా లేదు, బరువే. అయినా మోస్తుంది, తర్వాత పనికొస్తాయని. పండక్కి కొట్టిన కొబ్బరికాయ చిప్పలు మనం పెంట మీద పారేస్తాం. వాటిలో ఇల్లు చూసుకునే ప్రాణి ఒకటుంది.

తొట్టిలో దానికి గుహ కావాలి. సూర్యాపేట కుమ్మరి చేసిన చిన్న కుండ, రంగు వేయనిది, ఓ పక్క మూతి విరిగింది చాలు. మధ్యధరా తీరాల్లో వేల ఏళ్ళుగా ఆక్టోపస్‌లను పడుతున్నది ఉత్త కుండలతోనే. ఎర కూడా పెట్టరు, ఖాళీ ఇల్లు కనిపిస్తే వచ్చి కూర్చుంటుంది. పగడపు రాళ్ళతో అలంకరిద్దామనే ఆలోచన వస్తే, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఇక నీలి వలయాలున్న బుల్లి ఆక్టోపస్ ఎవరైనా చూపించి అందంగా ఉందన్నా చేయి పెట్టకూడదు. దాని కాటులో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది, విరుగుడు లేదు.

ఇప్పుడు నా అభ్యంతరం. మన తీరపు ఆక్టోపస్ ఆయుష్షు ఏడాది, మహా అయితే కాస్త పైన. వలలో పడేనాటికే సగం అయిపోయి ఉంటుంది. ట్రాలర్ వలలో నలిగి, సంచిలో తన సిరాలో తానే ఉక్కిరిబిక్కిరై, హైవే మీద గంటల తరబడి కదిలి వచ్చేది కోదాడకు ఎన్ని రోజుల బతుకు తెస్తుంది? మూడు నెలలు తొట్టి సిద్ధం చేసినవాడికి అతిథి ఉండేది మూడు నాలుగు నెలలు. ఆడదైతే గుడ్లు పెడుతుంది. ఆనాటి నుంచి తిండి మానేస్తుంది. గుడ్ల మీద నీళ్ళు చిమ్ముతూ, చేతులతో నిమురుతూ రంగు వెలిసి, ఒళ్ళు కరిగి, పిల్లలు బయటికొచ్చే వేళకు పోతుంది. మగ తోడు లేకుండా తొట్టిలో ఒంటరిగా ఉన్నదీ గుడ్లు పెట్టవచ్చు. ఎన్నటికీ పొదగని గుడ్లకు కాపలా కాస్తుంది. 1977లో జెరోమ్ వొడిన్‌స్కీ తల్లి ఆక్టోపస్‌లకు కళ్ళ వెనకుండే రెండు చిన్న గ్రంథుల్ని కోసి తీసేశాడు. అవి గుడ్లను వదిలేశాయి, మళ్ళీ తిండికి దిగాయి, ఎక్కువకాలం బతికాయి. అంటే ఆ చావు ముసలితనం వల్ల కాదు, లోపలి నుంచి వచ్చిన ఆజ్ఞ. మావాడికి ఈ భాగం చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “పేరు పెట్టినంక పోతే మస్తు బాధైతది మామా” అన్నాడు.

బ్రిటన్ 2022లో చేసిన చట్టం ఆక్టోపస్‌లను బాధ తెలిసిన ప్రాణుల జాబితాలో చేర్చింది. వెన్నెముక లేనివాటికి ఆ గుర్తింపు ఊరికే రాలేదు. ప్రయోగశాలలో, మంచి అక్వేరియంలో, పరిశీలన రాసుకునే మనుషుల మధ్య దాన్ని ఉంచడం నాకు అభ్యంతరం కాదు, విల్‌ప్రూ పెట్టె లేకపోతే మనకు ఏమీ తెలిసేది కాదు. ఇంటి హాల్లో, టీవీ పక్కన, చూడడానికి ఎవరూ లేని మధ్యాహ్నాలు తెలివైన ప్రాణి ఒకటి గాజుకు అతుక్కుని బయటికి చూస్తూ ఉండడమే నాకు గిట్టదు.

మావాడు ఆక్టోపస్ తేలేదు. అయితే నేను లెక్క చెప్పడం పూర్తి చేసేలోపే ఆన్‌లైన్‌లో టీడీఎస్ మీటర్ ఒకటి తెప్పించాడు, పెన్నంత ఉంటుంది. ముందు ఇంట్లో క్యాను నీళ్ళు చూశాడు, తర్వాత మునిసిపల్ కుళాయి, తర్వాత సాగర్ కాలువ, తర్వాత కొబ్బరి నీళ్ళు, చివరికి చారు. గోడకు కాగితం అంటించి అంకెలు రాస్తున్నాడు. సంగతి వీధిలో పాకింది. పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి పక్కింటి పెద్దమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“మా బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎంతుందో చూడు బిడ్డా.”

మావాడు మీటర్ ముంచి, అంకె చూసి, తల అడ్డంగా ఊపాడు. “ఇది అన్ని లవణాలు కలిపి ఒక్కటే లెక్క చెప్తది పెద్దమ్మా. అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు.”

“మరి అది చెప్పే మిషిన్ లేదా?”

ఉందో లేదో ఎంతవుతుందో ఆ పూటంతా ఫోన్లో వెతుకుతూనే ఉన్నాడు.